ఆఖరి డబ్బా లేని సినిమా

హైదరాబాదు, పాతబస్తీ
సోమవారం

అక్కయ్యా,

ముందుగా నీకూ బావగారికీ నా నమస్కారాలు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. చిక్కిపోయానని ఎవరైనా చెబితే నమ్మకు. బావగారి దగ్గు తగ్గిందా? చంటిదానికి పళ్లు వచ్చాయా?

పొద్దున్నే చలి గట్టిగా ఉంటోంది. నేను అద్దెకున్న ఇంటావిడ బాలమ్మగారు చేసే జొన్నరొట్టె మొదట్లో గొంతు దిగేది కాదు, ఇప్పుడు రెండు తింటున్నాను. గోదావరి చేప మాత్రం కలలోకి వస్తోంది. సాయంత్రాలు మూసీ ఒడ్డున నడుస్తుంటే యానాం గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది. దిగులు పడకు, ఈ ఉత్తరం దిగులు కబురు కాదు.

నేను పనిచేసే సినిమా హాలు పురానాపూల్ దగ్గరే. గిడ్డంగిలో పాత సినిమా డబ్బాలు తుడిచి సర్దడం నా పని. పనికిరానివన్నీ గాజులు చేసే బషీర్‌భాయికి ఇచ్చేయమన్నారు యజమాని రాజయ్యగారు. ఆ ఫిల్ము కరిగించి గాజులు చేస్తారట. ఒక మూట వెళ్లిపోయింది. రెండో మూట కడుతుంటే ఒక డబ్బాలో ఫ్రెంచి కాగితం దొరికింది. నువ్వు చెవి మెలిపెట్టి చదివించిన ఫ్రెంచి ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

అది ఆ డబ్బాలోని సినిమా తీసినాయన కథ. మూగ సినిమాల రోజుల్లో ఆయన పారిస్‌లో పేరున్న నటుడట. గోడలు దూకే దొంగ వేషాలు వేసేవాడు. ఒకసారి నిజంగానే గోడ మీంచి పడి మోకాలు విరిగింది. కర్ర పట్టుకుని నడిచేవాడికి వేషం ఎవరిస్తారు? ఏడాదిపాటు ఇంట్లో కూర్చున్నాడు. చివరికి తన వేషాలు వేస్తున్న కొత్త నటుడికి దూకడం నేర్పడానికి వెళ్లి, అక్కడే కెమెరా వెనక నిలబడిపోయాడు. అలా దర్శకుడయ్యాడు. ఇది ఆయన తీసిన మొదటి సినిమా. సంతలో తప్పిపోయిన కొడుకును ఏళ్లతరబడి వెతుక్కునే తల్లి కథ.

దాన్ని కరిగించడానికి నాకు మనసొప్పలేదు. ఒక్క ఆట వేయమని రాజయ్యగారిని అడిగాను.

"మాటల్లేని బొమ్మ ఎవలు జూస్తరు సత్యం? గాజులైతే ఎవలన్న తొడుక్కుంటరు," అన్నారు.

తెర పక్కన నిలబడి కథ నేను చెబుతానన్నాను. నవ్వి, ఆదివారం పొద్దుటి ఆటకు ఒప్పుకున్నారు.

హాలు సగం నిండింది. బషీర్‌భాయి తల్లిని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. తెర మీద ఫ్రెంచి అక్షరాలు పడ్డకొద్దీ తెలుగులో చెప్పాను, నాకొచ్చిన నాలుగు ఉర్దూ ముక్కలూ కలిపాను. జనం నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. ఆ తల్లి జనంలో ఒక యువకుణ్ణి చూసి పరుగెత్తుతుండగా తెర తెల్లబడిపోయింది. ఆఖరి డబ్బా లేదు. ముందే చూసుకోకపోవడం నా తప్పే.

హాలంతా లొల్లి. బషీర్‌భాయి తల్లి లేచి నిలబడింది. "కొడుకు దొరికిండా లేదా?" అని నన్నే అడిగింది.

ఆ సంగతి నాకూ తెలియదు అక్కయ్యా. అయినా తెర ముందుకు వెళ్లి ఆ తల్లిలా పరుగెత్తాను, కొడుకులా వెనక్కి తిరిగాను. చేతి మీద మచ్చ చూసి గుర్తుపట్టిందని చెప్పి, మోకాళ్ల మీద కూలబడి వాణ్ణి కావలించుకున్నాను. తర్వాత చప్పట్లు.

ఆట అయ్యాక బషీర్‌భాయి నా దగ్గరికొచ్చాడు. ఆ ఆఖరి డబ్బా మొదటి మూటలోనే తనకు చేరిందట.

"దాని ఆఖరు నేనే కరగబెట్టిన భాయ్. మా అమ్మకు నువ్వు మల్ల చేసిచ్చినవ్. మిగిలింది నాకొద్దు," అన్నాడు.

ఇప్పుడు నాకు గిడ్డంగి పని తప్పింది. రాజయ్యగారు ఆదివారం ఆటలు నాకే అప్పగించారు. నీ ఫ్రెంచి నిఘంటువు ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. పిన్నికీ, మాస్టారికీ నా దండాలు చెప్పు. చంటిదానికి ముద్దులు. నీ దీవెన నా మీద ఉండనీ.

అన్నట్టు, నిన్న ఆ సినిమా మళ్లీ వేశాం. మచ్చ మెడ మీద ఉందని చెప్పానో లేదో, బషీర్‌భాయి తల్లి ముందు వరసలోంచి ఆపేసింది.

"పోయినసారి చెయ్యి మీదంటివి గద బేటా. సక్కగ జెప్పు."

మళ్లీ మొదటి నుంచి పరుగెత్తాను.

నీ తమ్ముడు,
సత్యం