కోట తలుపు దగ్గర ఆగిన ఆట

అమ్మడూ,

పాలు కాచాను, మూత తియ్యకు, పిల్లి తిరుగుతోంది. కూర వేడి చేసుకో. నేను షాపుకి పోతున్నా, స్కూలు యూనిఫారాలు ఇవాళే కుట్టివ్వాలి.

పాచికలు బీరువా మీద దాచావుగా, దాచుకో. నీ పిల్లలూ నేనూ గుండీల మీద అంకెలు రాసి డబ్బాలోంచి తీస్తున్నాం. ఆట ఆగలేదు, ఆగదు. జూదమంటూ నిన్న ఇల్లు పీకి పందిరేశావే, ఇందులో పందెమెక్కడుందే? కథ నేను చెబుతా. అందులో పెద్దది మంత్రగత్తె, చిన్నాడు దొంగ. ఏం చేస్తారో వాళ్ళే చెప్పాలి, కుదిరిందో లేదో అంకె తేలుస్తుంది. అంతే. నలుగురిలో నోరు విప్పని చిన్నాడు మొన్న రాక్షసుడితో బేరమాడి మరీ గుహలోంచి బయటపడ్డాడు. ఆ రాక్షసుణ్ణి నేనే. గొంతు బొంగురుపోయింది, అయినా మానను. సాయంత్రం మళ్ళీ ఆడతాం, వంటింటి బల్ల ఖాళీగా ఉంచు.

మీ అమ్మ

అన్నట్టు, పిల్లలు కథలో కోటకి ఒక కాపలామనిషిని పెట్టారు. ఎంత బతిమాలినా "వద్దంటే వద్దు" అంటుందట, తలుపు తియ్యదట. అచ్చం నీలాగే అనమంటారు, నాకేమో ఆ గొంతు రావట్లేదు. సాయంత్రం నువ్వే వచ్చి కూర్చో. తలుపు తీస్తావో లేదో నీ ఇష్టం. వాళ్ళు బయటే నిలబడున్నారు.