ఎదురింటి స్నానం ఎవరి ఖాతాలో?

వృద్ధుల స్వతంత్ర జీవన విభాగం అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూడో అంతస్తులో ఎదురెదురు ఇళ్ళలో ఉంటున్న ఇద్దరు పెద్దవాళ్ళను చెరో ఆశ్రమానికి తరలించమని తమరు ఇచ్చిన ఉత్తర్వు రద్దు చేయుట గురించి, ఆ ఇళ్ళ గోడలకు అతికించిన తెల్ల డబ్బాల గురించి, తమ విభాగం బుద్ధి గురించి కూడా.

తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు ఇద్దరిలో ఒకరు నా మేనత్త. బట్టల కార్ఖానాలో కత్తెర పట్టి రిటైరైన మనిషి. రెండోవారు ఎదురింటి పంతులమ్మగారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇద్దరికీ భర్తలు లేరు, నోళ్ళు మాత్రం ఉన్నాయి.

2. మా అత్తకు చూపు సరిగా ఆనదు. పంతులమ్మగారి వంటగదికి పెద్ద కిటికీ ఉంది కనుక, ఆ వెలుతురులో ఇద్దరికీ అక్కడే వండుతుంది. పంతులమ్మగారికి కాలు నిలవదు. మా అత్త స్నానాలగదిలో, మా మామయ్య బతికుండగా తన మోకాళ్ళ కోసం బిగించుకున్న ఇనప ఊచ ఉంది కనుక, స్నానానికి ఆవిడ ఇక్కడికి వస్తారు. తిండి ఆ ఇంట్లో, స్నానం ఈ ఇంట్లో. ఏళ్ళ తరబడి ఇలాగే గడిచింది. దీన్ని మేం ఇరుగుపొరుగు అంటాం. తమరి భాషలో దీనికి మాట లేదని తర్వాత తెలిసింది.

3. వారానికి రెండుసార్లు తమ విభాగం నుంచి ఒక సహాయకురాలు వచ్చేది. ఇల్లు తుడిచి, మందులు చూసి, పంతులమ్మగారికి జడ వేసి వెళ్ళేది. ఏ ఇంట్లో ఏం జరుగుతుందో ఆ పిల్లకు ఒక్క రోజులో అర్థమైంది. ఆమెను తీసేశారు. బదులుగా మంచానికో డబ్బా, పొయ్యికో డబ్బా, ఫ్రిజ్ తలుపుకో డబ్బా, స్నానాలగది తలుపుకో డబ్బా అతికించారు. "మీ మేలుకేనండీ, ఇక మీరు ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు" అని చెప్పి వేలిముద్రలు వేయించుకున్నారు. ఎవరి మీదా ఆధారపడని మనిషి ఎవరయ్యా? తమరి బల్ల మీదికి టీ తనంతట తానే నడిచి వస్తున్నదా?

4. ఆ డబ్బాలు తమ తెరకు చేరవేసిన సమాచారం ప్రకారం మా అత్త తిండి మానేసి, స్నానాల మీద స్నానాలు చేస్తోంది. పంతులమ్మగారు ఇద్దరి తిండి తింటూ, ఒంటిమీద చెంబుడు నీళ్ళు పోసుకోవడం లేదు. ఒకరికి మతి తప్పింది, ఒకరికి శుచి తప్పింది, ఇద్దరూ సొంతంగా బతకడానికి పనికిరారు అని తేల్చారు. వచ్చే నెల ఒకరు ఊరికి ఈ చివర ఆశ్రమానికి, ఒకరు ఆ చివర ఆశ్రమానికి పోవాలని ఉత్తర్వు.

ఆ ఉత్తర్వు పట్టుకుని తమ ఆఫీసుకు వచ్చాను. తెర ముందు కూర్చున్న గుమాస్తాకూ నాకూ జరిగిన సంభాషణ తమ అవగాహన నిమిత్తం:

"మీ అత్తగారు తినట్లేదండీ."

"అత్తగారు కాదు, మేనత్త. శుభ్రంగా తింటోంది. ఎదురింట్లో."

"ఎదురింటి తిండి ఎదురింటావిడ ఖాతాలో పడుతుందండీ."

"ఆ ఎదురింటావిడే మా ఇంట్లో స్నానం చేస్తారు."

"అయితే అది మీ అత్తగారి ఖాతాలో పడుతుంది."

"బాబూ, ఒక్కసారి ఇంటికొచ్చి చూడండి."

"చూస్తూనే ఉన్నాం కదండీ!" అని తెర నా వైపు తిప్పాడు.

5. నన్ను యంత్రాల శత్రువని ఫైలు మీద రాసుకోవద్దు. మా అత్త ఆయుష్షంతా మిషన్ల మధ్యే గడిచింది. మనిషి పడిపోతే కబురందించే డబ్బా ఉంటే కళ్ళకద్దుకుంటాం. కానీ ఆ కబురు విని పరిగెత్తుకొచ్చే మనిషిని ముందే ఇంటికి పంపేశాక, కబురు ఎవరికి? చూడడం వేరు, చూసుకోవడం వేరు. మొదటిది చవక. తమరు మొదటిది కొని, దానికి రెండోదాని పేరు పెట్టారు.

6. దీన్ని అర్జీ భాషలో రాయడం నా వల్ల కావడం లేదు. ఉత్తర్వు చూసి ఆ ఇద్దరూ హడలిపోయారు.

"ఒసేయ్ పంతులమ్మా, కొన్నాళ్ళు ఎవరింట్లో వాళ్ళం తిని, ఎవరింట్లో వాళ్ళం నీళ్ళు పోసుకుందాం. డబ్బా ముందు బుద్ధిగా ఉంటే మనల్ని విడదీయరు" అంది మా అత్త.

"ఇన్‌స్పెక్షన్ రోజు పిల్లల్లాగానా?"

"ఆ, నువ్వు కూర్చోబెట్టేదానివి కదూ చేతులు కట్టించి, అలాగే."

మా అత్త తన చీకటి వంటగదిలో చెయ్యి కాల్చుకుంది. పంతులమ్మగారు ఊచ లేని తన స్నానాలగదిలో జారి పడ్డారు. మర్యాద కోసం లోపల డబ్బా పెట్టలేదట, తలుపుకే పెట్టారట. తలుపు మూసి ఉంది కనుక లోపల స్నానం జరుగుతోందని అది అనుకుంది. తడినేల మీద పడి ఆవిడ మా అత్తను కేకలేస్తున్నంతసేపూ తమ తెర మీద పచ్చరంగు వెలుగుతూనే ఉంది. భోజనం చేసిందో లేదోనని కేకేసి, జవాబు రాక, మారుతాళంతో తలుపు తీసింది మా అత్త. పంతులమ్మగారికి మణికట్టు విరిగింది. ఆ వారం తమరు పంపిన నివేదికలో పంతులమ్మగారి పేరిట రాసినది: "పరిశుభ్రత: మెరుగుదల."

మెరుగుదలట!

7. ఆ పైన తమరు చేసినదేమిటి? "పడిపోయిన దాఖలా ఉన్నందున" అని రాసి తరలింపును ఈ సోమవారానికే మార్చారు. తోసినవాడే వచ్చి "వీళ్ళకు నిలబడడం రాదు" అని తీర్పు చెప్పినట్టుంది.

కావున సదరు ఉత్తర్వు సోమవారం లోపు రద్దు చేయవలెను. సహాయకురాలిని తిరిగి పంపవలెను. రెండు వాకిళ్ళనూ ఒకే ఇల్లుగా రాసుకోవలెను. కాదని సోమవారం తమ బండి వస్తే, మెట్ల మీద నేను కూర్చుని ఉంటాను. నన్ను దాటి పైకెక్కడానికి తమరే స్వయంగా రావలసి ఉంటుంది; ఆ పని డబ్బా చేయలేదు. చిత్తమంటూ ఉంటే చిత్తగించవలెను.

ఇట్లు,
తమకు విధేయుడు కాలేకపోతున్న
మేనల్లుడు

తా.క.: చదివి వినిపిస్తే మా అత్త, "ఇంత పొడుగు రాశావు గానీ అసలుది వదిలేశావురా" అంది. పంతులమ్మగారి స్నానాలగదికి కూడా ఒక ఊచ బిగించమని వాళ్ళు ఎప్పుడో పెట్టుకున్న దరఖాస్తు తమ దగ్గర "పరిశీలనలో" ఉంది. ఇక శ్రమపడవద్దు. ఇవాళ నేనే ఊచ తెచ్చి గోడకు డ్రిల్లు పెట్టాను. ఆ గోడకు అవతలి వైపు మంచం దగ్గరి డబ్బా ఉంది. అదురుకు అది, మనిషి పడిపోయిందని తమకు కబురు పంపింది. డబ్బాలు పెట్టాక మొట్టమొదటిసారి తమ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మా అత్త ఎత్తింది.

"అమ్మా, ఎవరైనా పడిపోయారా?"

"పడింది పోయిన వారం నాయనా. ఇవాళ పట్టుకోవడానికి ఊచ బిగిస్తున్నాం. ఇంకా రెండు బెజ్జాలున్నాయి, మళ్ళీ మోగితే కంగారుపడకు."