ఫర్నేస్ మనిషి లాప్‌టాప్

చిరంజీవి సత్యశ్రీకి,

గాజువాక నుంచి నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. నేవీ శిక్షణలో ఫోన్ ఇవ్వకపోతే ఇవ్వకపోయారు గానీ, నీ ఉత్తరం అందగానే మీ అమ్మ వీధి వీధంతా చదివి వినిపించింది.

నువ్వు ఇంట్లో వదిలి వెళ్లిన లాప్‌టాప్ ఎలా ఉంది, దాని మీద ఏమైనా నేర్చుకుంటున్నావా అని అడిగావు. నేర్చుకున్నానమ్మా! ఈ సంగతి నీకు చెప్పేదాకా నాకు అన్నం సహించేలా లేదు. కాకపోతే ముందు నా నిర్వాకం చెప్పాలి.

దాని లోపలి ప్రాసెసర్ స్పీడు చూపించే తెర ఒకటి నాకు చూపించి వెళ్లావు కదా, అది తీశాను. మూడు దాటి ఉండాల్సిన అంకె ఒకటికి దిగిపోయి ఉంది. ముప్పై ఏళ్లు స్టీల్ ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర బతికినవాణ్ని. అక్కడ వేడి తగ్గితే లోపల ఇనుము గడ్డకట్టి కొంప మునుగుతుంది. ఇదీ చల్లారిపోతోందని హడలిపోయి పాటలు, సినిమాలు, ఆటలు అన్నీ ఒకేసారి తెరిచేశాను. మూడు రోజులు ఆపలేదు. నవ్వకు, వేడి పోకుండా పైన దుప్పటి కూడా కప్పాను.

"ఏటిది, దీని మీద అట్లు ఎయ్యమంటారేటి?" అని మీ అమ్మ అరిచేసరికి బ్యాటరీ ఉబ్బిపోయింది.

ద్వారకా నగర్‌లో తౌసిఫ్ గారి రిపేరు షాపుకు పట్టుకుని పరిగెత్తాను. ఆయన కొత్త బ్యాటరీ వేసి, నా కథంతా విని తల పట్టుకున్నాడు.

"ఇది ఫర్నేస్ కాదండీ బాబూ. పని లేనప్పుడు కావాలనే స్పీడు తగ్గించుకుంటాది. స్పీడు తగ్గితే తక్కువ వోల్టేజీ సాలు. కరెంటు ఆదా, వేడీ ఉండదు."

"మరి పనొత్తే?"

"సూడండి" అని సినిమా ఒకటి తెరిచాడు. అంకె ఒక్క గెంతున పైకెళ్లింది! ఆపాడు, దిగింది. నేను లాక్కుని పదిసార్లు చేశాను. షాపులో జనమంతా నన్నే చూస్తున్నా ఆపలేదు. ఎంత తెలివి, సత్యా! అది నెమ్మదించింది జబ్బు చేసి కాదు, బుద్ధి ఉండి.

మూడు రోజులు నాన్న ఇంట్లో ఎందుకున్నాడని ఈపాటికి అనుకునే ఉంటావు. పైన క్షేమమని రాసింది ఇవాళ్టి మాట. రెండు నెలల క్రితం ఫర్నేస్ ముందు కళ్లు తిరిగి పడిపోయాను. బీపీ. ఇక ఆ వేడి దగ్గరికి వెళితే ప్రాణానికే ముప్పన్నారు డాక్టరు. ప్లాంటువాళ్లు కంట్రోల్ రూంలో కూర్చోమన్నారు. నేను ఒప్పుకోకుండా సెలవు పెట్టాను. అక్కడివాళ్లు చేతులు కట్టుకుని తెరలు చూస్తుంటారు. అలా కూర్చుంటే పనికిరానివాణ్ని అయిపోతానని భయం వేసింది తల్లీ. నువ్వు బెంగపడతావని దాచాను, అమ్మ చేత కూడా దాయించాను. తప్పు నాదే.

తౌసిఫ్ షాపు నుంచి తిరిగొచ్చే బస్సులోంచే మా ఫోర్‌మన్ కోటికి ఫోన్ చేసి, "నాను వత్తాను" అన్నాను.

నిన్న కంట్రోల్ రూంలో మొదటి రోజు. గంటసేపు చేతులు కట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అలారం మోగింది. పక్కనున్న కోటి కుర్చీలోంచి లేచేలోపే నా వేలు సరైన మీట మీద ఉంది.

"ఇప్పటిదాకా ఖాళీగానే ఉన్నావు కదా బావా, ఇంత స్పీడేటి!" అన్నాడు.

"ఖాళీగా లేను బావా," అన్నాను, "కాసుకునున్నాను."

నీ లాప్‌టాప్ మీద ఇక దుప్పటి కప్పను.

ఇట్లు,
నీ నాన్న
ఎల్లారావు