తామరాకు కుర్చీ

అల్వాల్, సికింద్రాబాద్
13-8-2001

అమ్మకు భాను నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

నేను బాగానే ఉన్నాను, దగ్గు తగ్గింది. నీ మోకాలి సంగతి మాత్రం నువ్వు రాయలేదు. నువ్వు పంపిన పచ్చడి అప్పుడే అడుగుకు వచ్చింది. తమ్ముడు సూరిని ఏ కంప్యూటర్ కోర్సులో వేయాలని అడిగావు. ఇక్కడ గోడగోడకీ కోర్సుల బోర్డులే, ఇంటర్ అయ్యాక చూద్దాం.

ప్రతి ఉత్తరంలోనూ మా వడ్రంగి భద్రయ్యగారి గురించి రాసేదానివి, ఈసారి ఒక్క ముక్కా లేదేమని అడిగావు. రాయలేకపోయానమ్మా.

నేను గీసిన తామరాకు కుర్చీ నీకు తెలుసుగా. ఆకులాంటి పీట, కింద కాడలా వంగిన ఒంటి కాలు. కంప్యూటర్లో గీసిస్తే మిషనే ఆ వంపులన్నీ కోస్తుంది. జోడించి నునుపు చేసేది భద్రయ్యగారు. మొదటి కుర్చీ కాలు వేలితో తడిమి చూసి, "ఈడ చెక్క నార అడ్డం పోయిందమ్మా. మనిషి కూసుంటే ఇరుగుతది. జెర లావు చెయ్" అన్నారు. లావు చేస్తే అది కాడలా ఉండదు. "బరువంతా కంప్యూటర్ లెక్క కట్టింది. మీరు జోడించండి చాలు" అన్నాను, పనివాళ్ళందరి ముందూ.

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు పన్నెండు కుర్చీలు వెళ్ళాయి. ప్రారంభం రోజునే ఒకదాని కాలు విరిగి, రిసెప్షన్లో పనిచేసే దేవకృప అనే అమ్మాయి పడిపోయింది. మణికట్టు విరిగింది.

మా ఓనరు బాబూరావుగారు మా ఇద్దరినీ పిలిచి తప్పెక్కడ జరిగిందని అడిగారు. భద్రయ్యగారు నా వైపు చూశారు. నేనే చెబుతానని ఆగారమ్మా. నేను "అతుకు సరిగా పడలేదేమో సర్" అన్నాను. బాబూరావుగారు రేపటి నుంచి రావద్దంటే, భద్రయ్యగారు ఉలులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు.

తొమ్మిది రోజులు ఊరుకున్నాను. నిన్న లాలాగూడలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య పుష్పమ్మగారు నన్ను చూసి, "నువ్వేనా బిడ్డా, బొమ్మలు మంచిగ గీస్తవంట. ఎప్పుడు జూడు నీ ముచ్చటే" అంటూ చాయ్ తెచ్చారు. ఆయన ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఆవిడ ముందే అంతా చెప్పి, క్షమించమన్నాను. పుష్పమ్మగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

"ఆడ జెప్పేది ఈడ జెప్తే ఏమైతదమ్మా" అన్నారు భద్రయ్యగారు. గ్లాసు నా వైపు జరిపి, "చాయ్ తాగు, సల్లారుతున్నది" అన్నారు.

ఇవాళ పొద్దున పనివాళ్ళందరూ ఉండగా బాబూరావుగారికి నిజం చెప్పాను. ఆయన నన్ను తీసేయలేదు. "కాలు లావు చెయ్. ఈ మాట బయట అనకు" అన్నారంతే. భద్రయ్యగారిని మళ్ళీ పిలవమంటే, ఇప్పుడెందుకులే అన్నారు. నా ఉద్యోగం పోయుంటే ఇంత సిగ్గుగా ఉండేది కాదేమో.

రేపు దేవకృప దగ్గరికి వెళ్ళి, కుర్చీ ఎందుకు విరిగిందో నా నోటితో చెబుతాను. ఆ తర్వాత బాబూరావుగారు ఊరుకోరు. ఇదంతా ఇంకొకరి ద్వారా నీకు తెలియడం ఇష్టం లేక ముందే రాస్తున్నాను.

ఇట్లు,
తలెత్తి రాయలేకపోతున్న నీ కూతురు
భానుప్రియ