రెండో తాళం

మార్చి 9

ప్రియమైన చెల్లి వెర్లీన్‌కు,

ఫోన్లో చెప్తే మధ్యలో అడ్డుపడతావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. చివరిదాకా చదివాకే తిట్టు.

యూనివర్సిటీ పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు చూసే మండలిలో నేనున్నానని నీకు తెలుసు. విద్యార్థులు, ప్రొఫెసర్లు, ఊరివాళ్లు, నాలాంటి లైబ్రరీ గుమాస్తాలు, మొత్తం తొమ్మిదిమందిమి. పోలీసులు తమ తప్పుల్ని తామే విచారించుకుని తామే కొట్టేసుకుంటున్నారని పెద్ద గొడవయ్యాక పెట్టిన మండలి ఇది. ఫైల్లో పేర్లన్నీ నల్లగా కొట్టేసి ఇస్తారు. పోలీసుకు ఒక నంబరుంటుంది, అంతే. అతని ఛాతీ మీది కెమెరా తీసిన వీడియో మేం రెండుసార్లు చూస్తాం, మొదట శబ్దం లేకుండా, తర్వాత శబ్దంతో. అరుపులు విని ముందే ఎవరో ఒకరి పక్షం చేరిపోకూడదని మా అధ్యక్షుడు హాల్వర్సన్ గారు పెట్టిన పద్ధతి. రాళ్ల శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, తొందరన్నది ఎరగడు.

ఆ కెమెరాలో పోలీసు మొహం పడదు, చేతులే పడతాయి. పోయిన నెల ఒక ఫైలు తెరిచి వీడియో వెయ్యగానే ఆ చేతులు గుర్తుపట్టాను. కుడి మణికట్టు పైన కాలిన మచ్చ. తొమ్మిదేళ్లప్పుడు నా పొయ్యి మీది మూకుడు తగిలి కాలింది. వెర్లీన్, అది మన రోడెల్, నీ కొడుకు. నువ్వు ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఎనిమిదేళ్లూ నా ఇంట్లో పెరిగినవాడి చెయ్యి నేను గుర్తుపట్టకుండా ఉంటానా?

తెలిసిన మనిషి కనపడితే ఆ మాట చెప్పి, లేచి బయటికి పోవాలి. మా మొదటి నియమమే అది. నేను మండలిలో చేరిన ఏడాదికి వాడు ఉద్యోగంలో చేరాడు. ఇంటిపేర్లు వేరు, ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. శబ్దంతో మళ్లీ వేసేలోపు హాల్వర్సన్ గారు నింపాదిగా కాఫీ కలుపుకున్నారు. అంత వ్యవధి ఉంది నాకు. లేవలేదు.

జరిగిందిదీ. మట్టిపాత్రల కళ చదువుతున్న ఒక విద్యార్థి, మధ్యాహ్నం పూట, తను చేసిన పాత్రల పెట్టె తన కారులోనే పెట్టుకుంటున్నాడు. దొంగ అనుకుని మనవాడు సంకెళ్లు వేశాడు. వేశాక చిన్న మేకుతో నొక్కి రెండో తాళం వెయ్యాలట, లేకపోతే కదిలినకొద్దీ బిగుసుకుంటాయట. వేశానని రోడెల్ రిపోర్టు రాశాడు. వీడియోలో సరిగ్గా అప్పుడే చేతులు కెమెరాకు అందకుండా పక్కకు తప్పుకున్నాయి. బిగుతుగా ఉంది, నొప్పిగా ఉంది అని ఆ విద్యార్థి అంటూనే ఉన్నాడు. పక్కన తోటమాలి ఆకులు ఊదే యంత్రం మోతలో తనకేమీ వినపడలేదని రోడెల్ రాశాడు. పదకొండు నిమిషాలు అలాగే ఉంచాడు.

పోలీసు అధిపతి అప్పటికే తప్పేమీ లేదని తేల్చేశాడు. మాలో నలుగురు తప్పన్నారు, నలుగురు రుజువు లేదన్నారు. నా ఓటు మిగిలింది. రుజువు కాలేదన్నాను. మన కోడలు కియానాకు నెలలు నిండుతున్నాయి. వాడికిది రెండో ఏడు, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఒక్క రిమార్కు పడితే ఉద్యోగంలో ఉంచరు. అవన్నీ ఆలోచించానని చెప్పను. చెయ్యి చూశాను, అంతే.

నిన్న ఆ విద్యార్థి లైబ్రరీలో నా కౌంటరు దగ్గరికే వచ్చాడు. ఎడమ బొటనవేలు పట్టు దొరక్క, పర్సు పళ్ల మధ్య పెట్టుకుని కార్డు లాగాడు. ఇగ్నాసియో బరేలా అని ఉంది కార్డు మీద. మా పేర్లు మండలి నోటీసులో అందరికీ కనపడేలా ఉంటాయి కదా.

"ఎర్నస్టీన్ గారంటే మీరేనాండీ?"

"నేనే బాబూ."

"పాత్రల పెట్టె ఫిర్యాదు నాదేనండీ. గెలవలేదనుకోండి. కనీసం బయటివాళ్లు కూర్చుని చూశారు, నాకదే చాలు. థాంక్సండీ."

పుస్తకం మీద ముద్ర వెయ్యడం కూడా మర్చిపోయాను. ఆ కుర్రాడు పాత్రలు ఏ చేత్తో చేస్తాడో అడిగే ధైర్యం రాలేదు. నేనేం చెయ్యాలో రాయి.

నీ అక్క
ఎర్నస్టీన్

ఏప్రిల్ 2

చెల్లీ,

నీ జవాబు అందింది. "నోరు మూసుకుని కూర్చో. నీ మనశ్శాంతి కోసం నా కొడుకును బలిపెడతావా?" అని రాశావు. తల్లివి, అడగాల్సిందే అడిగావు. నాలుగు రోజులు నీ ఉత్తరం చేతిసంచిలో వేసుకుని తిరిగాను. అయిదో రోజు వెళ్లి హాల్వర్సన్ గారికి చెప్పేశాను.

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"ఎప్పటినుంచి తెలుసమ్మా?"

"శబ్దం పెట్టకముందు నుంచీ."

"అంతసేపు కాఫీ కలిపాను కదా తల్లీ, లేవచ్చుగా."

ఆ మాటకు ఏడ్చాను. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని కాదు.

నన్ను మండలిలోంచి తీసేశారు. ఎందుకు తీసేశారో బహిరంగ సమావేశంలో చదివారు. నా ఓటు కొట్టేశారు. అసలు చావు ఇక్కడే ఉంది. నా ఓటు పోతే మిగిలింది నాలుగూ నాలుగూ. సమానమైతే పోలీసు అధిపతి మాటే నిలుస్తుందని మా నిబంధన. అంటే నేను నోరు తెరిచి సాధించింది సున్నా. బరేలాకు ఒరిగిందేమీ లేదు. రోడెల్‌ను మాత్రం స్టేషన్లో "పెద్దమ్మ చాటు పోలీసు" అని ఆటపట్టిస్తున్నారట.

మొన్న వాడు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"లేవాల్సినప్పుడు కూర్చున్నావు. కూర్చోవాల్సినప్పుడు లేచావు. నీతో ఎలా వేగాలి పెద్దమ్మా?"

అని వెళ్లిపోయాడు. ఆదివారం వాడి కోసం మాకరోనీ వండి, రాడని తెలిసి కూడా రెండు పళ్లాలు పెట్టాను. చేసిన పని సరైనదేనని నాకు నేనే చెప్పుకుంటున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ తక్కువ నమ్ముతున్నాను. నువ్వు కూడా నాతో మాట్లాడకపోతే అర్థం చేసుకుంటాను. అలా రాశాను గానీ అది అబద్ధం. మాట్లాడు.

నీ అక్క
ఎర్నస్టీన్

ఏప్రిల్ 27

పెద్దమ్మకు,

నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ అమ్మ నాకు పంపింది. నువ్వు సిగ్గుపడాలని పంపిందో, నేను పడాలని పంపిందో చెప్పలేదు.

నాకు కోపం ఎందుకో నువ్వు సరిగ్గా అర్థం చేసుకోలేదు. ఫిర్యాదు నిలవలేదని తెలిసిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. మావాళ్లు కొట్టేస్తే నమ్మేవాణ్ణి కాదు, మేం ఒకరినొకరం ఎలా కాపాడుకుంటామో నాకు తెలుసు. కానీ ఈసారి చెప్పింది బయటివాళ్లు. నా మొహం, పేరు తెలియని ఐదుగురు కూర్చుని చూసి రుజువు లేదన్నారు. నువ్వు ఆ ఫైలు నుంచి తప్పుకుని ఉంటావనే అనుకున్నాను. అయితే నేను చెయ్యలేదేమో అనుకున్నాను. మేకు తీసి నొక్కినట్టే గుర్తుకు రావడం కూడా మొదలైంది. నెలన్నర ఆ ఐదుగురి మాట మీద బతికాను. వాళ్లలో ఒకరు నన్ను పెంచిన మనిషని సమావేశంలో చదివారు. నువ్వు బయటపెట్టినందుకు కాదు పెద్దమ్మా నా కోపం, ఆ ఐదుగురిలో ఉన్నందుకు. మిగతా నలుగురి మాట కూడా ఆ రోజే నాకు పనికిరాకుండా పోయింది.

నిన్న అధిపతి గదికి వెళ్లి కొత్త వాంగ్మూలం ఇచ్చాను. "ముగిసిన ఫైలయ్యా, ఎందుకు కెలుకుతావ్?" అన్నారు. ఒక నకలు మండలికి కూడా పంపానని చెప్పాక, తలుపు వేసి కూర్చోమన్నారు. ఫైలు మళ్లీ తెరవక తప్పదు. జూన్ లోపే నన్ను తీసేస్తారు. కియానాకు అన్నీ చెప్పాను. కాసేపు ఏడ్చి, "మీ పెద్దమ్మ రోగం నీకు అంటుకోవడానికి ఇన్నేళ్లు పట్టిందా?" అంది.

ఈ ఆదివారం భోజనానికి రాను. పై ఆదివారం సంగతి చూద్దాం.

వాంగ్మూలంలో ఉన్నవి రెండే మాటలు. ఇంకొకరి నోట వినకముందే నీకు చెప్పాలని రాస్తున్నాను. రెండో తాళం నేను వెయ్యలేదు. యంత్రం మోతలో అతని మాట నాకు వినపడింది.

రోడెల్