కాలని గడప

వదినా,

ఎవరో చెప్పేలోగా నేనే రాస్తున్నాను. మీ ఆయన చెయ్యి విరగ్గొట్టింది నేనే.

కామాటిపురలో మన చాల్, ఆ వరస గదులన్నీ, కాలిపోయిన సంగతి నీకు తెలుసు. శిథిలాలు ఎత్తడానికి కాంట్రాక్టర్ మనవాళ్లనే పెట్టాడు. అందులో అన్న, నేను కూడా ఉన్నాం. మాడిన రేకులు, గోడలు, అమ్మ మంచం అన్నీ ట్రక్కులో పోస్తుంటే ఊరుకున్నాను. చివరికి అన్న మన రాతి గడప కింద గడ్డపార పెట్టాడు. అదీ పోతే మన ఖోలీ, మన గది, ఇక్కడుండేదని రేపు ఏం చూపించాలి?

“ఇల్లే కాలిపాయె, గడపతోని ఏం జేస్తవే? జరుగు,” అన్నాడు.

నా చేతిలో పార ఉంది. కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. అయినా ఆగలేదు, రెండో దెబ్బ తల మీద వేశాను. నెత్తురు కళ్లలోకి కారుతుంటే అన్న ఆ గడప మీదే కూలబడ్డాడు.

మళ్లీ పార ఎత్తాను. కానీ నోట్లోంచి అమ్మ ఎప్పుడూ అనే మాట వచ్చింది.

“గడప మీద కూసోకు, లే.”

లేచాడు వదినా. గడప తొక్కకుండా దాటి, ఆ బూడిదలోనే లోపలికొచ్చి నిలబడ్డాడు.

ఆస్పత్రిలో నిన్నే అడుగుతున్నాడు. నన్ను తిడితే తిట్టు. గడప అక్కడే ఉంది. వచ్చేటప్పుడు పసుపు తీసుకురా.