ప్రాణకవచంలో దూది

గాజులదిన్నె
12 ఆగస్టు 2025, మంగళవారం

దేవరాజన్నా,

పొద్దున లేచేసరికి నాన్న లైఫ్ జాకెట్‌ను ఎలుక కొరికేసి ఉంది. లోపలి నుంచి దూది బయటికొచ్చింది. నువ్వు ఆదోని బజారులో కొన్న జాకెట్టే. ఫోన్లో అయితే నోటికి తిట్లే వస్తాయని ఇది రాసి, ఈ రోజే ఆదోనికి వస్తున్న మన ఊరి గౌరక్క చేతికిచ్చి బస్సులో పంపుతున్నాను.

బకెట్లో ముంచి చూశాను. నీళ్ళు పీల్చి అడుగున కూర్చుంది. పిండితే పత్తి మిల్లు చెత్త, మురికి నూనె వాసన. అసహ్యం అనే మాట చాలక రోత అని రాస్తున్నాను. దాని వీపున ‘ప్రాణకవచం’ అని ఉంటే, ఎంత మంచి మాటో అని నాన్నకు చదివి వినిపించింది నేనే. భుజం పట్టేసి ఈదలేని మనిషి, ఆ మాట నమ్మి, అమ్మ తెడ్డు వేస్తుంటే పుట్టిలో డ్యాం నడుమకు పోయి వల వేస్తున్నాడు.

“ఇన్నాళ్ళూ పరుపు కట్టుకొని పోతాంటినా పాపా?” అని నాన్న నవ్వాడు.

“నవ్వు సాలించు. మునిగింటే పైకి తెచ్చేదెవరు?” అని అమ్మ తెడ్డు దాచేసింది.

రేపు పొద్దున మొదటి బస్సుకు జాకెట్‌తో వస్తాను. నువ్వు బకెట్ నిండా నీళ్ళు పట్టుకొని ఆ దుకాణం ముందు నిలబడు. కొనేవాళ్ళందరూ చూస్తుండగా ముంచుదాం.

నీ చెల్లెలు